ఎవరు ఈ దీవి వారు? – ఎన్నికలలో నివాస నియమం వెనుక కథ

ప్రతి సంవత్సరం మొదటి నెలలలో ఎన్నికల కార్యాలయం పంపిన మనిషి ఒకరు మన వీధులలోకి వస్తారు. గేటు దగ్గర నిలబడి, కుక్కను కట్టేసే వరకు ఓపికగా ఆగి, "ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు?" అని అడుగుతారు. మన ఇళ్ళలోని పెద్దవారు వరసగా పేర్లు చెబుతారు. చివరన కొంచెం తగ్గిన గొంతుతో, "మా పెద్దవాడు ఫ్రాన్సులో ఉన్నాడు, వాడి పేరు కూడా రాసుకోకూడదా నాయనా?" అని కలుపుతారు. వచ్చిన మనిషి తల అడ్డంగా ఊపుతాడు. ఉన్నవాళ్ళనే రాయమని తనకు చెప్పారంటాడు.

ఈ చిన్న సంభాషణ వెనుక నూట యాభై ఏండ్లకు మించిన చరిత్ర ఉంది. ఒక మనిషి "ఇక్కడ ఉంటున్నాడు" అని ఎవరు నిర్ణయించాలి, అలా ఉన్నందుకు అతనికి ఏమి దక్కాలి అనే ప్రశ్న మన పూర్వీకులను ఓడ దిగిన నాటి నుండి వెంటాడింది. ఇటీవల మా తెలుగు తరగతిలోని పెద్ద పిల్లలు ఈ విషయమై మమ్మల్ని అడిగారు. వారికి చెప్పిన దానినే మరి కొంత చేర్చి ఇక్కడ రాస్తున్నాం.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1968 మార్చి 12న స్వాతంత్ర్యంతో పాటు అమలులోకి వచ్చిన మారిషస్ రాజ్యాంగంలో 33వ అధికరణం శాసన సభకు నిలబడదలచిన వారి అర్హతలను చెబుతుంది. అభ్యర్థి కామన్వెల్తు పౌరుడై ఉండాలి. వయసు పద్ధెనిమిది నిండాలి. (మొదట ఇరవై ఒకటి ఉండేది. 1975లో తగ్గించారు.) నామినేషన్‌కు ముందు మారిషస్‌లో మొత్తం మీద రెండు సంవత్సరాలకు తక్కువ కాకుండా నివసించి ఉండాలి. ఆ నామినేషన్‌కు సరిగ్గా ముందున్న ఆరు నెలలూ ఇక్కడే నివసించి ఉండాలి. సభలో చర్చలలో పాల్గొనగలిగినంత ఇంగ్లీషు రావాలి. ఓటరు సంగతి 42వ అధికరణంలో ఉంది. ఓటరు నిర్ణీత తేదీకి ముందు రెండు సంవత్సరాలు ఇక్కడ నివసించి ఉండాలి, లేదా ఈ దేశాన్నే తన స్థిర నివాసంగా చేసుకొని ఆ తేదీన ఇక్కడ ఉంటూ ఉండాలి.

పై మాటలలో రెండింటిని విడిగా చూడాలి. "మొత్తం మీద రెండు సంవత్సరాలు" అన్నప్పుడు ఎప్పటెప్పటివో కాలాలను కలిపి లెక్కించవచ్చు. ఇక్కడ పుట్టి పెరిగి, ఇరవై ఏట లండన్ వెళ్ళి, నలభై ఐదేళ్ళకు తిరిగి వచ్చిన మనిషికి ఈ రెండు సంవత్సరాలు చిన్ననాడే నిండిపోయాయి. అతనికి అడ్డు నిలిచేది రెండవది, అంటే ఆ చివరి ఆరు నెలలు. కొత్తగా వచ్చిన పరాయివాడికి మాత్రం రెండు సంవత్సరాలే అసలు అడ్డు. చట్టం రాసినవారు ఒకే గుమ్మానికి రెండు తలుపులు పెట్టారు. ఒకటి కొత్తవారి కోసం, ఇంకొకటి దూరం వెళ్ళి తిరిగివచ్చిన మనవారి కోసం.

"కామన్వెల్తు పౌరుడు" అన్న మాట కూడా చిన్నది కాదు. మారిషస్ పౌరుడే కావాలని అక్కడ లేదు. భారత పౌరుడైనా, బ్రిటిషు పౌరుడైనా నివాస నియమం తీరితే ఇక్కడ ఓటు వేయవచ్చు, నిలబడనూ వచ్చు. తరగతిలో ఇది చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు. మరుసటి వారం రాజ్యాంగం ప్రతి తెచ్చి చూపవలసి వచ్చింది. అందువల్లనే మన దేశంలో నివాస నియమానికి ఇంత బరువు. చాలా దేశాలలో పౌరసత్వం చేసే పనిలో కొంత భాగాన్ని ఇక్కడ నివాసం చేస్తున్నది.

ఇక వెనుకకు వెళదాం.

కోరంగి రేవు నుండి ఓడ ఎక్కి వచ్చినందున మన వారిని ఇక్కడ "కోరింగీలు" అని పిలిచారు. కాకినాడ ప్రాంతం నుండి, విశాఖపట్నం జిల్లా నుండి వచ్చినవారికి పోర్ట్ లూయీ రేవులో దిగగానే ఒక నంబరు ఇచ్చేవారు. ఒప్పందం నడిచినంత కాలం వారు ఎక్కడ నివసించాలో తోట యజమాని నిర్ణయించేవాడు. తోటలోని కాంపే ఊరు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. ఆ మాట మన పెద్దలు మొన్న మొన్నటి వరకు చెప్పుకునేవారు. ఒప్పందం ముగిసిన తరువాత మనిషి స్వేచ్ఛ పొందాలి గదా? కాగితం మీద పొందాడు. అప్పటి నుండి అతనిని "పాత వలసదారు" అన్నారు.

1867లో వచ్చిన చట్టం ఈ పాత వలసదారుల మీద పడింది. ప్రతి ఒక్కరి దగ్గర ఫోటో అంటించిన చీటీ ఉండాలి. అది పోతే డబ్బు కట్టి మళ్ళీ తీసుకోవాలి. తాను ఏ జిల్లాలో నివసిస్తున్నాడో పోలీసులకు తెలియాలి. ఆ జిల్లా దాటాలంటే పాసు కావాలి. చీటీ లేకుండా, లేదా చీటీ ఒక జిల్లాదై మనిషి ఇంకొక జిల్లాలో దొరికితే దేశదిమ్మరి అని పట్టుకుని తీసుకుపోయేవారు. కూతురిని చూడటానికి పక్క జిల్లాకు వెళ్ళిన తండ్రికీ అదే గతి. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఈ నేలలో చెరకు నరికిన మనిషికి నివాసం అంటే అర్థం అది. ఎక్కడ ఉంటున్నావో చెప్పాలి, అక్కడే ఉండాలి, అలా ఉన్నందుకు దక్కేది ఏమీ లేదు.

1871లో పాత వలసదారులు 9,401 మంది గవర్నరుకు ఒక మహజరు సమర్పించారు. దానిని రాయడానికి తోడ్పడిన వ్యక్తి అడోల్ఫ్ ద ప్లేవిట్జ్. ఆయన పారిస్‌లో పుట్టి 1858లో ఇక్కడికి వచ్చినవాడు. ఆ మహజరు అచ్చు కాగానే తోటల యజమానులకు కోపం వచ్చింది. పోర్ట్ లూయీ వీధిలో ఆయన మీద చేయి చేసుకున్నారు. అంతటితో ఆగక, ఈ మనిషిని దీవి నుండి పంపించివేయాలని గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు అర్జీ పెట్టారు. గవర్నరు ఒప్పుకోలేదు. ఆ తరువాత 1872లో రాచ విచారణ సంఘం వచ్చింది. 1875లో దాని నివేదిక, 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చాయి. ఆ వివరాలు ఈ పత్రిక పాఠకులకు తెలిసినవే. మేము ఇక్కడ ఆగి చూడమనేది ఒక్క సంగతి. ఆ రోజులలో ఒకరి నోరు మూయించాలంటే "ఇతను ఇక్కడివాడు కాడు" అన్న మాట చాలునని అనుకున్నారు. అన్నవారి తాతలు కూడా ఓడ మీదనే వచ్చారు, ఓడలో కూర్చున్న చోటు మాత్రం వేరు.

1885లో రాజ్యాంగం మారి, 1886 జనవరిలో మొదటి ఎన్నికలు జరిగాయి. పోర్ట్ లూయీకి ఇద్దరు, మిగిలిన ఎనిమిది జిల్లాలకు ఒక్కొక్కరు, మొత్తం పది మంది సభ్యులు. ఓటు ఎవరికి? ఆస్తికి, ఆదాయానికి. మూడున్నర లక్షల పైచిలుకు జనంలో ఓటర్లు సుమారు 4,000 మంది. వారిలో భారతీయ సంతతి వారు 300 మందికి లోపే. దీవి జనాభాలో మూడింట రెండు వంతులు మన వారే అయి ఉన్న రోజులవి. నివాసానికి ఓటు అనే లెక్క ఉంటే ఆ పట్టిక తలకిందులయ్యేది. 1886లోనే జ్ఞానాధికారాయన్ అర్లాండా గారిని గవర్నరు సభకు నామినేట్ చేశాడు. ఎన్నికలో గెలిచిన మొదటి ఇద్దరు భారతీయ సంతతి సభ్యులు దనపత్ లాలా, రాజ్‌కుమార్ గుజాధర్ గార్లు. వారు గెలిచింది 1926లో. నడుమ నలభై సంవత్సరాలు గడిచాయి.

ఆ నడుమ కాలంలో మణిలాల్ డాక్టర్ వచ్చారు. ఆయన బరోడా సంస్థానంలో పుట్టిన న్యాయవాది. 1907లో వచ్చి 1911లో వెళ్ళిపోయారు. ఆయన ఇక్కడివారు కారు, ఇక్కడ స్థిరపడనూ లేదు. అయినా కోర్టులలో కూలీల పక్షాన నిలిచారు, 1909లో "హిందుస్తానీ" పత్రిక పెట్టారు. నాలుగేళ్ళలో ఆయన చేసిన పనిని నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న ధనవంతులు కొందరు చేయలేదు. నివాస నియమానికి ఎదురుగా ఎవరైనా వాదించాలంటే మణిలాల్ గారి పేరు చెప్పవచ్చు. తరువాత ఆయన ఫిజీకి వెళ్ళారు. అక్కడి మన సోదరులకు ఆయన కథ బాగా తెలుసు. 1916లో ఫిజీ శాసన మండలికి భారతీయుల తరఫున ఒకరిని నామినేట్ చేయవలసి వస్తే ప్రభుత్వం ఆయనను కాదని చాలాకాలంగా అక్కడ స్థిరపడిన బద్రీ మహారాజ్ గారిని ఎంచుకుంది. 1920లో కూలీల సమ్మె జరిగాక, మణిలాల్ గారు వీతి లేవు మొదలైన చోట్ల రెండు సంవత్సరాల పాటు నివసించరాదని ఆజ్ఞ ఇచ్చారు. మనుషులున్న చోట ఉండనివ్వకుండా చేస్తే నాయకుడు నాయకుడు కాకుండా పోతాడని ఆ ప్రభుత్వానికి తెలుసు. 1867 నాటి చీటీలో ఉన్న తెలివే ఇది. అక్కడ కూలీని ఒక చోట కట్టివేశారు, ఇక్కడ వకీలును ఒక చోటి నుండి తరిమారు.

ఇప్పుడు మాకు చాలా ఇష్టమైన సంవత్సరానికి వస్తున్నాం. అది 1948.

1947 నాటి కొత్త రాజ్యాంగం ఆస్తి కొలతను దాదాపుగా పక్కన పెట్టి అక్షరాన్ని కొలతగా తీసుకుంది. దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో సరళమైన వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు. ఆ భాషల పట్టికలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, గుజరాతీ, చీనా, క్రియోలులతో పాటు తెలుగు కూడా ఉంది. కాంపులో రాత్రి పూట కిరసనాయిలు దీపం ముందు నేర్చుకున్న భాష, సిర్దారు ఎగతాళి చేసిన భాష, ఒక్కసారిగా ఓటుకు తాళంచెవి అయ్యింది. స్త్రీలకూ అదే నియమం. బాసుదేవ్ బిసూన్‌దయాళ్ గారి జన ఆందోళన సేవకులు ఊరూరా తిరిగి అక్షరాలు నేర్పారు. మన వారి ఇళ్ళలో పెద్ద బాలశిక్ష ఉన్నవారు లేనివారికి నేర్పారు.

మా తాతగారి సంగతి ఒకటి ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పేరు నమోదుకు వెళ్ళినప్పుడు ఏదైనా ఒక వాక్యం రాయమన్నారట. ఆయనకు వచ్చినవి రెండే వాక్యాలు. వాటిలో చిన్నది, "రాముడు మంచి బాలుడు" అనేది, చెమటతో తడిసిన చేత్తో నెమ్మదిగా రాశారట. ఎదురుగా ఉన్న గుమాస్తాకు తెలుగు రాదు. కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, వరసలో వెనుక నిలబడిన ఇంకొక తెలుగాయనను పిలిచి "ఇది సరిగా ఉందా?" అని అడిగాడట. ఆ ఇంకొకాయనకు చదవడం అంత బాగా రాదు గానీ "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడట. ఇందులో ఎంత నిజమో, ఎంత మా నాయనమ్మ చేర్చిందో చెప్పలేం. తాతగారు ఓటు వేసింది మాత్రం నిజం.

అంతకు ముందు 12,000 లోపు ఉన్న ఓటర్ల సంఖ్య 71,000 దాటింది. 1948 ఆగస్టులో జరిగిన ఎన్నికలలో గెలిచిన పందొమ్మిది మందిలో పదకొండు మంది భారతీయ సంతతి వారు. ఎమిలియెన్ రోష్‌కూస్ట్ గారు ఎన్నికలలో గెలిచిన మొదటి మహిళ అయ్యారు. 1959 మార్చి ఎన్నికల నాటికి అక్షరం కొలత కూడా పోయి వయోజనులందరికీ ఓటు వచ్చింది. అప్పటి నుండి మిగిలినవి వయసు, నివాసం. కొలతలు ఒక్కొక్కటే రాలిపోగా నివాసం నిలిచింది. మన పూర్వీకులకు చీటీగా దొరికినది, వారి మనవలకు హక్కుగా దొరికింది.

ఒక చిన్న మాట. ఓటుకు తెలుగు చాలునన్న 1948 నాటి గౌరవం అభ్యర్థికి నేటికీ దక్కలేదు. అతనికి ఇంగ్లీషు రావాలి. భాషా బోధకులం కావున ఇది మాకు ముల్లులాగా ఉంటుంది. అది వేరే వ్యాసం.

నివాసం అంటే దేశంలో నివాసమా, నియోజకవర్గంలో నివాసమా? మన దీవిలో ఓటరు తాను ఉంటున్న చోటనే ఓటు వేస్తాడు. అభ్యర్థి మాత్రం దేశంలో ఉంటే చాలు. కాత్ర్ బోర్న్‌లో ఇల్లు ఉన్నవారు సావాన్‌లో నిలబడవచ్చు. ఇంగ్లాండులో 1413లోనే ప్రతినిధి తన జిల్లాలోనే, తన పట్టణంలోనే నివసించాలని చట్టం చేశారు. ఎవరూ పాటించకపోవడంతో 1774లో రద్దు చేశారు. అమెరికాలో ప్రతినిధి తనను ఎన్నుకునే రాష్ట్రంలో ఉండాలి. భారతదేశంలో లోక్‌సభకు ఆ నియమం లేదు. 1980లో ఇందిరా గాంధీ గారు మెదక్ నుండి గెలిచారు. వరంగల్ ప్రాంతానికి చెందిన పి.వి. నరసింహారావు గారు 1984లో మహారాష్ట్రలోని రాంటెక్ నుండి గెలిచారు. రాజ్యసభకు ఆ రాష్ట్రపు ఓటరై ఉండాలన్న షరతు ఉండేది, దానిని 2003లో తీసివేశారు, 2006లో సుప్రీం కోర్టు ఆ మార్పు సరైనదేనన్నది. ఇంత చిన్న దీవిలో మనకు అది పెద్ద సమస్య కాదని అంటారు.

రోడ్రిగ్ వారిని అడిగితే వేరే జవాబు వస్తుంది. ఆ దీవి వారు శాసన సభకు మొదటిసారి ఓటు వేసింది 1967లో. అప్పుడు గెలిచిన ఇద్దరిలో ఒకరు గీ ఒలివ్రీ గారు, మారిషస్‌కు చెందిన న్యాయవాది. 1976లో సెర్జ్ క్లేర్ గారు రోడ్రిగ్ ప్రజల సంస్థను స్థాపించారు. 1982లో రెండు స్థానాలూ ఆ పార్టీకే దక్కాయి. 2002లో రోడ్రిగ్‌కు సొంత ప్రాంతీయ సభ వచ్చింది. చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే, తమ దీవిలో ఉండేవారే తమకు మాట్లాడాలని ఆ ప్రజలు ఓటుతో చెప్పారు. ఆరు వందల కిలోమీటర్ల సముద్రం అడ్డంగా ఉన్నప్పుడు "దేశంలో నివాసం" అన్న మాట సరిపోదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. మన పిల్లలు కెనడాలో, ఆస్ట్రేలియాలో, ఫ్రాన్సులో, ఓడల మీద ఉన్నారు. వారు ఇంటికి పంపే డబ్బుతో ఇళ్ళు లేస్తున్నాయి, గుళ్ళకు రంగులు పడుతున్నాయి. వారికి ఓటు ఎందుకు లేదని వారి తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇక్కడే ఉన్నవారి పేర్లే ఓటర్ల పట్టికలో కనపడలేదని 2019 ఎన్నికల తరువాత పెద్ద గొడవ అయ్యింది. ఇక దూరంగా ఉన్నవారి మాట ఎవరు వింటారు? ఈ విషయంలో మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఓటు సంగతిలో దూరాన ఉన్నవారికి ఏదో ఒక దారి చూపాలని మాకు అనిపిస్తుంది. సభలో కూర్చోవడం సంగతిలో మాత్రం ఆ ఆరు నెలలు తగ్గించకూడదనే అంటాం. నీళ్ళు రాని వారాలలో బిందె పట్టుకుని నిలబడినవారు, ఆసుపత్రి బెంచీ మీద తెల్లవారుజాము నుండి కూర్చున్నవారు ఆ పని చేయాలి. ఆరు నెలలు ఎక్కువ కాదు. నిజానికి తక్కువేనని అనేవారూ ఉన్నారు.

మా పాత విద్యార్థి ఒకడు పన్నెండేళ్ళు బయట పనిచేసి 2024 జూన్‌లో తిరిగి వచ్చాడు. ఊరి వారు అతనిని ఎన్నికలలో నిలబడమన్నారు. అతనికీ ఉత్సాహం కలిగింది. "ఇక్కడ పుట్టినవాడివి, నీకు నియమమేమిటి?" అని ఎవరో చెప్పారట. అక్టోబరులో సభ రద్దయి అదే నెలలో నామినేషన్లు వచ్చాయి. వేళ్ళ మీద లెక్క పెడితే ఐదు నెలలు కూడా కాలేదు. అతను కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. 33వ అధికరణం తీసి చూపించాం. రెండుసార్లు చదివి, "టీచర్‌గారూ, మా ముత్తాత ముప్పై ఏళ్ళు ఇక్కడే ఉన్నా ఓటు లేదు, నాకు రెండు నెలలు తక్కువైతే కోపం వస్తున్నది," అని నవ్వాడు. టీ తాగి వెళ్ళాడు. నవంబరులో పోలింగు రోజున మా పాఠశాల గేటు బయట ముసలివారిని కారులో తెచ్చి దింపుతూ కనిపించాడు. ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాడు. ఆదివారం తరగతిలో చిన్న పిల్లలకు గుణింతాలు చెబుతున్నాడు.